ఇంటి ఈతకొలను సంరక్షణ: కొత్తగా నేర్చుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఈతకొలను ఉండి, దాని పనిని స్వయంగా చేసుకోవాలని అనుకునేవారికి మొదటి ఏడాదిలో ఎదురయ్యే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. లెక్కలు చూపించిన ప్రతిచోటా 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు ఉండి, ఒక చివర 1 మీటరు, మరో చివర 2 మీటర్ల లోతు ఉన్న కొలనునే ఉదాహరణగా తీసుకున్నాను. మీ కొలను కొలతలు వేరైతే అంకెలను అదే నిష్పత్తిలో మార్చుకుంటే సరిపోతుంది.

నేర్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

కొలనులో ఎన్ని లీటర్ల నీరు పడుతుందో తెలుసుకోవడంతో మొదలుపెట్టాలి. ఏ మందు డబ్బా మీద చూసినా మోతాదు ఇన్ని వేల లీటర్లకు ఇంత అనే ఉంటుంది కాబట్టి, ఈ అంకె తెలియకుండా వేసే ప్రతి మోతాదూ ఉజ్జాయింపే అవుతుంది. దీర్ఘచతురస్రాకారపు కొలనుకు పొడవు, వెడల్పు, సగటు లోతు మీటర్లలో గుణించి, వచ్చినదాన్ని వెయ్యితో హెచ్చవేయాలి. మన ఉదాహరణలో సగటు లోతు 1.5 మీటర్లు గనుక 8 × 4 × 1.5 = 48 ఘనపు మీటర్లు, అంటే 48,000 లీటర్లు. గుండ్రని కొలనైతే వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, 0.785తోనూ లోతుతోనూ, చివరికి వెయ్యితోనూ హెచ్చవేయాలి. వంపులు తిరిగిన కొలనును రెండు మూడు సులువైన ఆకారాలుగా విడగొట్టి కూడుకోవచ్చు. పదిశాతం తేడా వచ్చినా పెద్ద ప్రమాదమేమీ లేదు. లోతును గట్టు అంచు నుంచి కాకుండా నీటిమట్టం నుంచి కొలవాలి.

వచ్చిన అంకెను చెరగని సిరాతో పంపు గదిలోనే గోడ మీద రాసిపెట్టుకోండి.

నీటిలో వేటిని పరీక్షించాలి? ఏది ఎంత ఉండాలి?

స్వేచ్ఛా క్లోరిన్ (ఇంకా పనిచేయగల క్లోరిన్), సంయుక్త క్లోరిన్ (మలినాలతో కలిసి వాడైపోయినది), పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్వభావపు కొలత), మొత్తం క్షారత (పీహెచ్‌ను నిలబెట్టే గుణం), కాల్షియం కాఠిన్యం, సైనూరిక్ యాసిడ్ (ఎండ నుంచి క్లోరిన్‌ను కాపాడే పదార్థం) అనే ఆరింటిని పరీక్షించాలి. మొదటి మూడూ రోజుల్లో మారిపోతాయి, తక్కినవి వారాల్లోనో నెలల్లోనో మారతాయి. అందువల్ల ఆరింటినీ ప్రతిరోజూ చూడవలసిన పని లేదు.

పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి, 7.4 నుంచి 7.6 వరకు ఉంటే కంటికీ ఒంటికీ హాయిగా ఉంటుంది. క్షారత 80 నుంచి 120 పీపీఎం, కాల్షియం కాఠిన్యం 200 నుంచి 400 పీపీఎం, ఆరుబయలు కొలనుకు సైనూరిక్ యాసిడ్ 30 నుంచి 50 పీపీఎం సాధారణంగా పాటించే హద్దులు. సంయుక్త క్లోరిన్ ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది, 0.4 దాటితే పట్టించుకోవాలి. స్వేచ్ఛా క్లోరిన్ సైనూరిక్ యాసిడ్ లేని నీటిలో కనీసం 1 పీపీఎం, ఉన్న నీటిలో కనీసం 2 పీపీఎం ఉండాలన్నది ఆరోగ్య సంస్థలు చెప్పే కనిష్ఠం. ఈతకు ఎవరూ దిగని రోజున ఆ కనిష్ఠం సరిపోవచ్చు గాని, ఎండలో ఉన్న కొలనును ఆ అంచున నడిపితే ఒక్క మధ్యాహ్నం చాలు, అది సున్నాకు పడిపోవడానికి. నేను 3కు తగ్గనివ్వను.

పీపీఎం అంటే పది లక్షల పాళ్ళలో ఒక పాలు. వెయ్యి లీటర్ల నీటిలో ఒక గ్రాము కలిస్తే అది 1 పీపీఎం. ఈ ఒక్క సమీకరణం గుర్తుంటే మోతాదుల పట్టికలతో పనిలేకుండా దాదాపు అన్ని లెక్కలూ చేతివేళ్ళ మీదే చేసుకోవచ్చు.

పరీక్షకు పట్టీలు చాలా, చుక్కల కిట్ కొనాలా?

పట్టీలు త్వరగా ఒక అంచనా ఇస్తాయి. అయితే తడి చేత్తో డబ్బా తెరిచినా, మూత సరిగా పెట్టకపోయినా పాడైపోతాయి. మోతాదు లెక్కకట్టడానికి చుక్కల కిట్ ఉండాలి. క్లోరిన్ పరీక్షలో నీటిని పసుపు రంగుకు మార్చే పాతరకం కిట్లు మొత్తం క్లోరిన్‌ను మాత్రమే చూపుతాయి, అందులో పనికొచ్చేది ఎంత, వాడి పాడైపోయింది ఎంత అన్నది చెప్పలేవు. గులాబీ రంగుకు మార్చే డీపీడీ రకం ఆ రెండింటినీ విడదీసి చూపిస్తుంది.

నమూనా నీటిని పైపైన ముంచుకోకుండా, సీసాను తలకిందులుగా మోచేతి లోతువరకు దించి అక్కడ తిప్పి నింపుకోవాలి. శుద్ధి అయిన నీరు తిరిగి కొలనులోకి వచ్చే రంధ్రాల దగ్గర తీసుకోకూడదు.

గులాబీ రంగు పరీక్షలో ఒక మోసం ఉంది, అది నాకు అనుభవపూర్వకంగా తెలిసింది. మొదటి వేసవిలో ఒక సాయంత్రం నీరు కాస్త పచ్చబారినట్టు అనిపించి ద్రవ క్లోరిన్ ధారాళంగా పోశాను. తెల్లవారి నమూనాలో చుక్కలు వేయగానే సీసా అడుగున గులాబీ రంగు ఒక్క క్షణం మెరుపులా మెరిసి, సీసాను ఊపేలోగా మాయమై నీరు మంచినీళ్ళలా తేటగా నిలిచింది. క్లోరిన్ ఒక్క చుక్క కూడా మిగల్లేదనుకుని మళ్ళీ పోశాను. మరునాడు కూడా అదే మెరుపు, అదే తేటదనం. క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ రంగును క్లోరినే విరిచేస్తుందని అప్పటికి నాకు తెలియదు. అనుమానం వచ్చినప్పుడు ఒక పాలు కొలను నీటికి తొమ్మిది పాళ్ళు డిస్టిల్డ్ వాటర్ కలిపి పరీక్షించి, వచ్చిన అంకెను పదితో హెచ్చవేయాలి. నేను అలా చేసినప్పుడు వచ్చిన అంకె 2. అంటే కొలనులో 20 పీపీఎం ఉందన్నమాట. తరవాత నాలుగు రోజులు ఎవరూ నీటిలో కాలు పెట్టకుండా ఎండ దాన్ని విరగ్గొట్టేదాకా ఊరక చూస్తూ కూర్చోవలసి వచ్చింది.

పీహెచ్‌కు అంత ప్రాధాన్యం ఎందుకు?

క్లోరిన్ నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. సూక్ష్మజీవులను త్వరగా చంపేది హైపోక్లోరస్ యాసిడ్ రూపం. రెండోదైన హైపోక్లోరైట్ అయాన్ ఆ పనిలో చాలా మందకొడి. ఏ రూపం ఎంత ఉండాలన్నది పీహెచ్ నిర్ణయిస్తుంది. సైనూరిక్ యాసిడ్ లేని నీటిలో పీహెచ్ 7.5 దగ్గర ఇంచుమించు సగం చురుకైన రూపంలో ఉంటుంది, 8కి పెరిగేసరికి నాలుగో వంతు కూడా ఉండదు. సైనూరిక్ యాసిడ్ ఉన్న నీటిలో ఈ తేడా అంత తీవ్రంగా ఉండదు గాని, పీహెచ్ పెరిగితే కాల్షియం తెల్లని పొలుసుగా పలకలకు అంటుకోవడం, నీరు మసకబారడం ఎలాగూ తప్పవు. తగ్గితే నీరు పలకల మధ్య సిమెంటునూ, హీటరులోని రాగినీ కొరికేస్తుంది.

పీహెచ్ పెరిగిందంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను గానీ సోడియం బైసల్ఫేట్ పొడిని గానీ కొద్దికొద్దిగా వేసి తగ్గించాలి. తగ్గితే వాషింగ్ సోడా పెంచుతుంది. యాసిడ్ మోతాదు క్షారతను బట్టి మారుతుంది కనుక, లెక్కకు వచ్చినదానిలో సగం పోసి, పంపును కొన్ని గంటలు తిప్పి, మళ్ళీ పరీక్షించి అవసరమైతే మిగతాది పోయడం మంచి అలవాటు.

క్షారత అంటే పీహెచ్ కాదా?

కాదు, కానీ పీహెచ్ స్థిరంగా నిలబడడానికి ఆధారం అదే. నీటిలో బైకార్బనేట్లు తగినంత ఉంటే యాసిడ్ పడినా పీహెచ్ ఒక్కసారిగా జారిపోదు. అవి లేని నీటిలో ఒక వాన కురిస్తే చాలు పీహెచ్ కిందికి, మరో మోతాదు వేస్తే పైకి ఊగిసలాడుతుంది. క్షారతను పెంచేది వంటసోడా. దాని లెక్క ఖచ్చితమైనది: 10 పీపీఎం పెరగాలంటే వెయ్యి లీటర్లకు సుమారు 17 గ్రాములు, అంటే మన 48,000 లీటర్ల కొలనుకు సుమారు 800 గ్రాములు.

క్షారత ఎక్కువైనప్పుడు తగ్గించడానికి కాస్త ఓపిక కావాలి. యాసిడ్ పోస్తే క్షారతా పీహెచ్చూ రెండూ తగ్గుతాయి. తరవాత నీటిని గాలి తగిలేలా కలబెడితే, అంటే ఫౌంటెన్ నడిపినా, నీరు తిరిగివచ్చే రంధ్రాల మూతులను పైకి తిప్పి నీటి ఉపరితలం కదిలేలా చేసినా, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ దానంతట అదే పెరుగుతుంది, క్షారత మాత్రం తగ్గినచోటే ఉంటుంది. ఈ వరుసను కొన్నిసార్లు తిరగవేస్తే క్షారత దారికి వస్తుంది. జలపాతం, ఫౌంటెన్ ఉన్న కొలనుల్లో పీహెచ్ ఎప్పుడూ ఎందుకు పెరుగుతుంటుందన్న ప్రశ్నకు జవాబు కూడా ఇదే.

ద్రవం, పొడి, బిళ్ళలు: ఏ క్లోరిన్ మంచిది?

మూడూ క్లోరినే ఇస్తాయి. తేడా అంతా దానితోపాటు నీటిలో ఏది వదిలిపెడతాయన్న దానిలో ఉంది, అంగళ్ళలో ఎవరూ విడమరచి చెప్పని సంగతి ఇదే.

ద్రవరూపంలో దొరికే సోడియం హైపోక్లోరైట్ సాధారణంగా 10 నుంచి 12.5 శాతం ఉంటుంది. కొద్దిగా ఉప్పు తప్ప మరేదీ వదలదు. నిల్వ ఉండే గుణం తక్కువ. వేడిలో, ఎండలో వారాలు గడిచేకొద్దీ బలం తగ్గిపోతుంది. పొడిరూపంలో వచ్చే కాల్షియం హైపోక్లోరైట్ సుమారు 65 నుంచి 70 శాతం. చాలాకాలం నిల్వ ఉంటుంది, కానీ ప్రతి 10 పీపీఎం క్లోరిన్‌కు సుమారు 7 పీపీఎం కాల్షియం కాఠిన్యాన్ని పెంచుతుంది. నీరు ముందే కఠినమైనదైతే ఇది తగదు. బిళ్ళల్లో ఉండే ట్రైక్లోర్ 90 శాతం బలమైనది, ఆమ్ల స్వభావం కలది. నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి రోజూ కనిపెట్టుకోనక్కరలేదు. అయితే ప్రతి 10 పీపీఎం క్లోరిన్‌కు 6 పీపీఎం సైనూరిక్ యాసిడ్‌ను కూడా కలుపుతుంది. రోజుకు 2 పీపీఎం ఖర్చయ్యే కొలనులో నెలంతా బిళ్ళలే వాడితే, నెల తిరిగేసరికి సైనూరిక్ యాసిడ్ 36 పీపీఎం పెరుగుతుంది. అది ఆవిరి కాదు, ఎండకు విరగదు. నీటిని మార్చేదాకా అలాగే పోగుపడుతుంది.

రోజువారీ వాడకానికి ద్రవాన్నీ, ఊరు వెళ్ళినప్పుడు బిళ్ళలనూ వాడడం నాకు సరిగ్గా కుదిరిన పద్ధతి. బిళ్ళలను స్కిమ్మర్ (నీటి మీద తేలే చెత్తను లాగే గోడలోని నోరు) బుట్టలో పడేయడం మాత్రం మానుకోవాలి: పంపు ఆగి ఉన్న గంటల్లో అక్కడ చిక్కని ఆమ్లపు నీరు పోగై, పంపు తిరగగానే నేరుగా హీటరులోకి వెళుతుంది. తేలే డబ్బాలోనో, వాటికోసమే అమర్చిన ఫీడరులోనో వేయాలి.

క్లోరిన్ మోతాదు ఎలా లెక్కించాలి?

మన కొలనులో 1 పీపీఎం పెరగడానికి 48 గ్రాముల క్లోరిన్ కావాలి. 10 శాతం ద్రవంలో లీటరుకు 100 గ్రాములు ఉంటాయి కాబట్టి అది 480 మిల్లీలీటర్లు. 65 శాతం పొడి అయితే 48ని 0.65తో భాగించగా దాదాపు 74 గ్రాములు. పరీక్షలో 1.5 వచ్చి, మీకు 4 కావాలంటే తేడా 2.5, అంటే ద్రవం సుమారు 1.2 లీటర్లు. పంపు నడుస్తుండగా, నీరు తిరిగివచ్చే రంధ్రం ముందు సన్నని ధారగా, గాలికి ఎదురు నిలబడకుండా పోయాలి. సాయంత్రం వేయడం మేలు, ఎండ లేకపోతే వేసింది వేసినట్టు రాత్రంతా పనిచేస్తుంది.

సైనూరిక్ యాసిడ్ లేకుండా నడపలేమా?

నీడలో, ఇంటి లోపల ఉన్న కొలనును నడపవచ్చు. ఆరుబయట కష్టం, ఎందుకంటే సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు రక్షణలేని క్లోరిన్‌ను గంటలోపే సగానికి తగ్గించగలవు. సైనూరిక్ యాసిడ్ క్లోరిన్‌ను వదులుగా పట్టుకుని ఎండ నుంచి కాపాడుతుంది. ఆ పట్టుకోవడం వల్లనే దాని వేగమూ తగ్గుతుంది. అందువల్ల సైనూరిక్ యాసిడ్ ఎంత పెరిగితే క్లోరిన్‌నూ అంత ఎక్కువగా ఉంచాలి. సైనూరిక్ అంకెలో 7.5 శాతానికి క్లోరిన్ తగ్గకూడదన్నది కొలనుల పని చేసేవారు పాటించే లెక్క. సైనూరిక్ 40 ఉంటే క్లోరిన్ 3 ఉండాలి, 100 ఉంటే 7.5. ఏళ్ళ తరబడి బిళ్ళలు వాడిన కొలనులో 2 పీపీఎం క్లోరిన్ చూపిస్తున్నా నాచు పడుతోందంటే కారణం ఇక్కడే వెతకాలి. తగ్గించే మార్గం కొంత నీటిని తీసి కొత్త నీరు నింపడమే.

నీటి దగ్గర క్లోరిన్ వాసన గుప్పున కొడుతోంది, కళ్ళు మండుతున్నాయి. క్లోరిన్ ఎక్కువైందా?

చాలావరకు తక్కువై ఉంటుంది. ఆ ఘాటు వాసన చెమట, మూత్రం, ఒంటికి రాసుకున్న నూనెలు వంటివాటిలోని నైట్రోజన్‌తో క్లోరిన్ కలిసి ఏర్పడిన క్లోరమైన్లది. పరీక్షలో సంయుక్త క్లోరిన్‌గా కనబడేది ఇదే. శుభ్రంగా ఉన్న కొలను దగ్గర వాసన దాదాపు ఉండదు. సంయుక్త క్లోరిన్‌కు పదిరెట్లు స్వేచ్ఛా క్లోరిన్ వేస్తే క్లోరమైన్లు విరిగిపోతాయన్నది ఎప్పటినుంచో వాడుకలో ఉన్న సూత్రం: 0.5 ఉంటే 5 పీపీఎం. పైన పరదా కప్పి ఉంటే తీసేయాలి, ఆవిర్లు పోవాలి. నీటిలోకి దిగే ముందు ప్రతివారూ ఒక నిమిషం స్నానం చేస్తే ఈ పని చాలావరకు తప్పుతుంది.

పంపు రోజుకు ఎన్ని గంటలు నడవాలి?

కొలను నీరంతా కనీసం ఒకసారి ఫిల్టరు గుండా వెళ్ళేంతసేపు. గంటకు 8,000 లీటర్లు తోడే పంపుకు మన కొలనును ఒకసారి తిప్పడానికి 6 గంటలు పడుతుంది. ఎండలు ముదిరినప్పుడు, ఎక్కువమంది ఈదిన రోజున దానికి మరికొన్ని గంటలు కలపాలి. వేగం మార్చుకునే వీలున్న పంపైతే తక్కువ వేగంతో ఎక్కువసేపు నడపండి. కరెంటు ఖర్చు బాగా తగ్గుతుంది, ఫిల్టరూ మరింత సన్నని మలినాన్ని పడుతుంది. నీటిమట్టం స్కిమ్మర్ నోటికి సగం ఎత్తులో ఉండాలి. అంతకంటే దిగిపోతే పంపు గాలి పీల్చి వేడెక్కుతుంది.

బ్యాక్‌వాష్ ఎప్పుడు, ఎలా చేయాలి?

ఇసుక ఫిల్టరు శుభ్రంగా ఉన్నరోజున ప్రెజర్ గేజ్ చూపించే అంకెను రాసిపెట్టుకోవాలి. ముల్లు దానికంటే 8 నుంచి 10 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) పైకి వెళ్ళినప్పుడు బ్యాక్‌వాష్, అంటే నీటిని ఫిల్టరులో వెనక్కి పారించి మలినాన్ని బయటికి కడగడం, చేయాలి. ప్రతి ఆదివారం అలవాటుగా చేసేవారు నీటినీ మందులనూ కాలువపాలు చేస్తున్నట్టే; పైగా కొద్దిగా మలినం పట్టిన ఇసుకే శుభ్రమైన ఇసుక కంటే బాగా వడకడుతుంది.

మొదట పంపు ఆపాలి. పంపు నడుస్తుండగా వాల్వు మీట తిప్పితే లోపలి రబ్బరు పట్టీ చిరిగిపోతుంది, అది చిరిగితే ఇసుకో నీరో వెళ్ళకూడని దారిలో వెళుతుంది. మీటను బ్యాక్‌వాష్‌కు తిప్పి పంపు వేయగానే పక్కనున్న చిన్న గాజు గొట్టంలోకి చూడండి. కొన్ని సెకన్లు తేటగానే ఉండి, ఆ వెంటనే చిక్కని టీ రంగు నీరు తోసుకువస్తుంది; రెండు మూడు నిమిషాల్లో అది లేత రంగులోకి దిగి, గొట్టం వెనకవైపు గోడ కనబడేంత తేటపడుతుంది. అప్పుడు పంపు ఆపి, మీటను రిన్స్‌కు తిప్పి అర నిమిషం నుంచి నిమిషం నడిపి, మళ్ళీ ఆపి మామూలు స్థానానికి తేవాలి. రిన్స్ చేయకుండా వదిలేస్తే ఇసుకలో మిగిలిన మురికి నీరు మొదటి తోపులోనే కొలనులోకి వస్తుంది.

కార్ట్రిడ్జ్ ఫిల్టరుకు బ్యాక్‌వాష్ ఉండదు, విప్పి మడతల మధ్య నీళ్ళ గొట్టంతో కడగాలి.

కొలను ఒక్కసారిగా పచ్చబడింది. ఏం చేయాలి?

నాచుకు మందు అని అమ్మే సీసా కోసం పరుగెత్తకండి. పచ్చటి నీరు క్లోరిన్ కొన్నాళ్ళుగా చాలినంత లేదన్న వార్త. దానికి చికిత్స కూడా క్లోరినే. ముందు సైనూరిక్ యాసిడ్ ఎంత ఉందో చూసుకోవాలి, పీహెచ్‌ను 7.2 దగ్గరకు తేవాలి. తరవాత ఆకులు, చెత్త వలతో తీసేసి, గోడలనూ మెట్ల సందులనూ దీపాల వెనకనూ బ్రష్‌తో రుద్దాలి. నాచు మీద జిగురుపొర ఉంటుంది, బ్రష్ దాన్ని చీల్చకపోతే క్లోరిన్ లోపలికి చేరదు. నిచ్చెనను విప్పి దాని కాళ్ళ అడుగునా చూడాలి. ఇక క్లోరిన్‌ను సైనూరిక్ అంకెలో ఇంచుమించు 40 శాతానికి పెంచి, అంటే సైనూరిక్ 40 ఉంటే 16 పీపీఎం వరకు పెంచి, తగ్గినప్పుడల్లా మళ్ళీ పోస్తూ అక్కడే నిలపాలి. మొదటిరోజు వేసిన క్లోరిన్ రెండు మూడు గంటల్లో మాయమవుతుంది; వేసిందంతా వృథా అయిందని చాలామంది అక్కడే విసిగి ఆపేస్తారు, నిజానికి అది పనిచేస్తోందనడానికి అదే గుర్తు.

నీరు పచ్చరంగు నుంచి నీలపు మసకకూ, అక్కడి నుంచి పాలతెలుపుకూ మారుతుంది. పంపును రాత్రింబగళ్ళు నడుపుతూ, గేజ్ పెరిగినప్పుడల్లా బ్యాక్‌వాష్ చేయాలి. పని పూర్తయిందని తేల్చడానికి ఒక పరీక్ష ఉంది: సూర్యుడు అస్తమించాక క్లోరిన్ కొలిచి, తెల్లవారి ఎండ పడకముందే మళ్ళీ కొలవాలి. తేడా 1 పీపీఎం లోపు ఉండి, నీరు తేటగా ఉండి, సంయుక్త క్లోరిన్ 0.5 దాటకపోతే ఆగవచ్చు. రాత్రిపూట ఎండ లేదు కనుక అంతకుమించి పోయిన క్లోరిన్‌ను తిన్నది నాచే.

పచ్చగా కాదు, తెల్లగా మసకబారింది. అది వేరా?

వేరు కావచ్చు. క్లోరిన్ సరిపడా ఉండి మసకగా ఉంటే పీహెచ్, కాల్షియం ఎక్కువై సున్నంలాంటి రేణువులు తేలుతున్నాయేమో, లేదా ఫిల్టరు మూసుకుపోయిందేమో చూడాలి. అడుగున నీటిని లాగే రంధ్రపు మూత కనబడనంత మసకగా ఉంటే కారణం ఏదైనా సరే ఎవరినీ నీటిలోకి దింపకూడదు. మునిగినవారు పైనుంచి కనబడరు.

బోరు నీరు నింపి క్లోరిన్ వేయగానే నీరు గోధుమరంగుకు తిరిగింది. ఎందుకు?

నీటిలో కరిగి కనబడకుండా ఉన్న ఇనుమును క్లోరిన్ తుప్పుగా మార్చింది. లోహాలను పట్టి ఉంచే మందు వేసి, నెమ్మదిగా వడకట్టాలి. తేటైన పచ్చరంగు వస్తే, ముఖ్యంగా లేతరంగు జుట్టు పచ్చబడుతుంటే, రాగి ఉందని అనుమానించాలి. జుట్టు పచ్చబడడానికి క్లోరిన్‌ను తిడతారు గాని ఆ పని రాగిది.

ఉప్పు కొలనుకు క్లోరిన్ అవసరం లేదంటారు, నిజమేనా?

ఉప్పు కొలను కూడా క్లోరిన్ కొలనే. నీటిలోని ఉప్పును యంత్రం విద్యుత్తుతో విడగొట్టి క్లోరిన్‌ను అక్కడికక్కడే తయారుచేస్తుంది. ఉప్పు సాధారణంగా 3,000 పీపీఎం అటూఇటుగా ఉంటుంది, సముద్రపు నీటిలో ఇది దాదాపు 35,000. పరీక్షలన్నీ యథాతథంగా చేయాలి. పీహెచ్ పెరుగుతూ ఉంటుంది కనుక యాసిడ్ పని కాస్త ఎక్కువే.

చిన్నపిల్లలు కొలనులో మలవిసర్జన చేస్తే?

అందరినీ బయటికి పంపాలి. గట్టిగా ఉన్న మలమైతే వలతో తీసి, పీహెచ్ 7.5 లేదా అంతకు తక్కువలో ఉంచి, క్లోరిన్ 2 పీపీఎం కంటే తగ్గకుండా 25 నిమిషాలు ఆగాలి. విరేచనమైతే సంగతి వేరు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మామూలు క్లోరిన్ మోతాదులో వారానికి పైగా బతకగలదు. దాన్ని నిర్మూలించడానికి సైనూరిక్ యాసిడ్ లేని నీటిలో 20 పీపీఎం క్లోరిన్‌ను 12 గంటల 45 నిమిషాలు నిలపాలి. సైనూరిక్ ఉన్న ఇంటి కొలనులో ఆ లెక్క పారదు కనుక, నీటిని చాలావరకు మార్చడమే సులువు.

మందులను ఎలా భద్రపరచాలి? ఏవేవి కలపకూడదు?

ఏ రెండూ కలపకూడదు. యాసిడ్, క్లోరిన్ కలిస్తే విషవాయువు వెలువడుతుంది. క్లోరిన్‌లోనే రెండు రకాలు, కాల్షియం హైపోక్లోరైట్ పొడి, ట్రైక్లోర్ బిళ్ళలు, కలిస్తే మంట లేవవచ్చు, పేలుడూ సంభవించవచ్చు. రెండూ క్లోరినే కదా అని ఒకే గరిటె వాడడం, బిళ్ళల ఫీడరులో పొడి వేయడం ప్రాణాంతకం. ఒక్కో డబ్బాకు ఒక్కో తడిలేని గరిటె ఉండాలి. నీటిలో కరిగించవలసి వస్తే బకెట్‌లో ముందు నీళ్ళు పోసి ఆపై మందు వేయాలి. మందు మీద నీళ్ళు పోయకూడదు. మూత తెరిచేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకోవాలి, కళ్ళద్దాలు, చేతి తొడుగులు వేసుకోవాలి. యాసిడ్‌ను క్లోరిన్ ఉన్న గదిలోనే పెట్టకండి: దాని ఆవిర్లు పంపు మోటారును, గేజ్‌ను, తలుపు గొళ్ళేలను సహితం తుప్పు పట్టిస్తాయి.

నీటిమట్టం తగ్గుతోంది. ఎక్కడైనా కారుతోందా?

ఒక బకెట్‌ను కొలను నీటితో నింపి, బయటా లోపలా నీరు ఒకే ఎత్తులో ఉండేలా కొలను మెట్టు మీద నిలిపి, రెండు మట్టాలకూ గుర్తు పెట్టాలి. 24 గంటల తరవాత రెండూ సమానంగా తగ్గితే అది ఆవిరే. కొలనులో ఎక్కువ తగ్గితే కారుతున్నట్టు. ఇదే పరీక్షను పంపు నడుపుతూ ఒకసారి, ఆపి ఒకసారి చేస్తే, నడిచినప్పుడే ఎక్కువ పోతుంటే లోపం పైపుల్లో ఉందని తెలుస్తుంది.

విసుగొస్తోంది, నీరంతా తోడేసి కొత్తగా నింపేస్తే పోదా?

చూసిచూసి ఆ పని చేయకండి. భూమిలో నీరు పైకి ఉన్న కాలంలో ఖాళీ కొలను పడవలా పైకి లేస్తుంది, పగుళ్ళు బారుతుంది. వినైల్ పొర ఉన్నదైతే ఆ పొర ముడుచుకుపోయి మళ్ళీ సరిగా అమరదు. సైనూరిక్ యాసిడ్ గాని కాల్షియం గాని తగ్గించాలంటే మూడో వంతు చొప్పున విడతలుగా మార్చుకోవాలి.

మందు వేశాక ఎంతసేపటికి దిగవచ్చు?

గడియారం కంటే పరీక్ష నమ్మదగినది. యాసిడ్, సోడాలకు పంపు నడుస్తుండగా అరగంట నుంచి గంట. క్లోరిన్‌కు మాత్రం అంకె మీ మామూలు హద్దులోకి దిగాకే.

పిల్లలున్న ఇంట్లో ఇంకేం చూసుకోవాలి?

మునిగిపోయే పిల్లవాడు కేకలు వేయడు, చేతులు ఊపడు. చాలాసార్లు నిశ్శబ్దంగా కిందికి జారిపోతాడు. కొలను చుట్టూ నాలుగువైపులా కనీసం 1.2 మీటర్ల ఎత్తున, ఎక్కడానికి కాలు ఆనని కంచె, దానంతట అదే మూసుకుని గొళ్ళెం పడే తలుపు ఉండాలి. అడుగున నీటిని లాగే రంధ్రపు మూత విరిగినా, మర వదులైనా ఆ రోజే కొలను మూసేయాలి, ఎందుకంటే పంపు లాగే బలానికి జుట్టు గాని చేయి గాని అందులో చిక్కుకుంటే పెద్దవారు కూడా విడిపించలేరు. పంపు ఆపే స్విచ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి.

రెండు వారాలు ఊరు వెళుతున్నాము. కొలనును ఎలా వదలాలి?

బయలుదేరడానికి రెండు రోజుల ముందు నుంచే సిద్ధం చేయాలి. మొదటిరోజు ఆరు పరీక్షలూ చేసి పీహెచ్‌ను 7.4 దగ్గర నిలపండి, బ్రష్ చేసి, అడుగు వాక్యూమ్ చేసి, అవసరమైతే బ్యాక్‌వాష్ చేయండి. రెండో సాయంత్రం క్లోరిన్‌ను మామూలుకంటే పెంచి, తేలే డబ్బాలో బిళ్ళలు వేసి, ఆ డబ్బా రంధ్రాలను సగానికి తెరిచి వదలండి. స్కిమ్మర్ బుట్ట, పంపు బుట్ట ఖాళీ చేసి, నీటిమట్టాన్ని స్కిమ్మర్ నోటికి మూడొంతులదాకా పెంచి, టైమరు పనిచేస్తోందో లేదో ఒక పూట నిలబడి చూసుకోవాలి. తిరిగి వచ్చాక పెట్టెలు విప్పకముందే నమూనా సీసా తీసుకుని వెళ్ళండి. గులాబీ రంగు మెరిసి మాయమైతే మాత్రం ఇంకొంచెం క్లోరిన్ పోయకండి.